ఇద్దరు తండ్రుల బండి

చిట్కుల్ నుంచి పొద్దున్నే బయల్దేరి ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే నాలాంటి ఐటీ జీవులకి ఒక దృశ్యం బాగా అలవాటు. ముంబై హైవే మీద అప్పుడప్పుడూ ఒక వింత వాహనం వస్తూంటుంది. రెండు పొడుగాటి ఇనప దూలాలు, కింద చక్రాలు, ముందు ఇంజను, స్టీరింగు. అంతే. తలుపుల్లేవు, అద్దం లేదు, కప్పు లేదు. డ్రైవరు తలకి మఫ్లరు చుట్టుకుని, చలికి వణుకుతూ, చెక్క సీటు మీద కూచుని వందల కిలోమీటర్లు దాన్ని తోలుకొస్తాడు. మా అమ్మాయి మొదటిసారి చూసినప్పుడు, "నాన్నా, ఆ బస్సుకి బట్టలు తొడగలేదేం?" అనడిగింది.

దాన్ని ఛాసీ అంటారమ్మా, బట్టలు వేరేవాళ్ళు కుడతారు అని చెప్పాను. ఏదో పిల్లకి అర్థమయ్యేలా చెప్పాననుకున్నాను గానీ, ఆ మాటలో ఎంత చరిత్ర ఉందో ఆ తరవాత రెండేళ్ళు సొంత డబ్బు తగలేసుకుంటే గానీ నాకే తెలీలేదు.

సంగతేంటంటే, కోవిడ్ తరవాత అందరికీ ఏదో ఒక పిచ్చి పట్టింది కదా, నాకు క్యాంపర్ పిచ్చి పట్టింది. ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఒక ఆర్వీ అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్ళొచ్చాం. ఆ సుఖం మరిగిన ప్రాణం ఊరుకోదు. 2022లో ఒక సెకండ్ హ్యాండ్ బండి దొరికింది. మినీ బస్సు ఛాసీ మీద ఎవరో షెడ్డులో బాడీ కట్టి, లోపల నాలుగు పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, ఇన్వర్టర్ పెట్టారు. చూడటానికి ఫోటోల్లో భలే ఉంది. అమ్మానాన్నల్ని, పిల్లని ఎక్కించుకుని ఊళ్ళు తిరగొచ్చని కొనేశాను.

మొదటి వానాకాలం శ్రీశైలం ఘాట్‌లో కప్పు కారింది. మా అమ్మ ఒడిలో గిన్నె పెట్టుకుని కూచుంది. తరవాత అరమర తలుపులు ఉబ్బి పట్టేశాయి. బండి ఎప్పుడూ ఎడమ పక్కకి ఒరిగినట్టుండేది. అన్నిటికంటే చికాకు, అప్పుడప్పుడూ వచ్చే కాలిన వాసన. ఎక్కణ్ణుంచో తెలీదు. ఛాసీ వాళ్ళ సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే "బాడీ మాది కాదు సార్" అన్నారు. బాడీ కట్టిన షెడ్డు వాళ్ళకి ఫోన్ చేస్తే "అది ఛాసీ వైబ్రేషన్ వల్ల సార్" అన్నారు. మా ఆఫీసులో బగ్ కాల్‌లో కూర్చున్నట్టే అనిపించింది. మా మాడ్యూల్లో ఇష్యూ ఏం లేదు, అప్‌స్ట్రీమ్ వాళ్ళని అడగండి!

చివరికి ఇస్నాపూర్ వైపు ఒక చిన్న షెడ్డులో ఒక పెద్దాయన దొరికాడు. ఆల్విన్‌లో చేతులు తిరిగిన పనివాళ్ళ దగ్గర కుర్రతనంలో పని నేర్చుకున్నాట్ట. అందరూ మేస్త్రి అనే అంటారు, నేనూ అలాగే పిలిచాను. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్ళతో రేకు మీద కొట్టి చూసి, మా అమ్మ పడుకునే పడక కింద చెక్క ఊడదీశాడు. లోపల ఒక వైరు. రేకుకి కోసిన కన్నంలోంచి పోతోంది. కన్నానికి రబ్బరు బుష్ లేదు. బండి కదిలినప్పుడల్లా రేకు అంచు వైరుని కొరికి కొరికి, పై తొడుగు పోయి, రాగి బయటపడి, చుట్టూ ప్లైవుడ్ నల్లగా మాడింది.

"గీ వైరు సూడున్రి సార్. ఇంట్ల బల్బుకు ఏసే వైరు ఇది. బండ్ల ఏస్తరా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. నల్ల మచ్చ మా అమ్మ తల పెట్టుకునే చోటికి జానెడు దూరంలో ఉంది.

కాసేపాగి ఆయనే అన్నాడు: "మీ బండికి ఇద్దరు తండ్రులున్నరు సార్. ఏడిస్తే ఎత్తుకునేటోడు ఒక్కడు లేడు."

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ ఇద్దరు తండ్రుల పద్ధతి ఎప్పణ్ణుంచి ఉంది, అన్ని బళ్ళూ ఇలాగే ఏడుస్తాయా అని వెతుక్కుంటూ పోతే తేలిన సంగతులే ఇవన్నీ.

మన దగ్గర బస్సుల చరిత్ర 1932 జూన్‌లో మొదలైందని చెప్పుకోవచ్చు. నిజాం స్టేట్ రైల్వే తన కిందే ఒక రోడ్డు రవాణా శాఖ పెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సులు స్కాట్లాండుకి చెందిన ఆల్బియన్ కంపెనీవి. ఆ కాలపు బస్సు 'దక్కన్ క్వీన్' గురించి ఆర్టీసీ వాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఆ బస్సులు నడిపింది ఒక రైల్వే. ఆ రైల్వేకి లాలాగూడలో 1893 నుంచే వర్క్‌షాపు ఉంది. రైల్వే వాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. పెట్టె చెడితే ఎవరికో ఫోన్ చెయ్యరు, వాళ్ళ షెడ్డులోకే తెచ్చుకుంటారు.

ఛాసీ ఒకరు, బాడీ ఒకరు అనే పద్ధతి అప్పటికే ప్రపంచమంతా ఉంది, మనం కనిపెట్టింది కాదు. గుర్రబ్బండ్ల కాలం నుంచీ బండి పెట్టె కట్టేవాళ్ళు వేరే ఉండేవారు. మోటారు వచ్చాక గుర్రం పోయి ఇంజను వచ్చింది గానీ వడ్రంగి అలాగే ఉన్నాడు. బొంబాయిలో జనరల్ మోటార్స్ 1928లో ఫ్యాక్టరీ పెట్టి షెవర్లే కార్లు, ట్రక్కులు విడిభాగాల నుంచి బిగించి అమ్మింది, 1954 దాకా. కొన్న ఛాసీ మీద స్థానికంగా చెక్క చట్రం కట్టి, రేకు తాపడం చేసుకునేవాళ్ళు. ఒక్కో ఊరికి ఒక్కో అవసరం. ఒకరికి మనుషులు ఎక్కాలి, ఇంకొకరికి పాలక్యాన్లు ఎక్కాలి. ఒక ఫ్యాక్టరీ అన్ని రకాలూ కట్టలేదు. కాబట్టి ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. మన భాషలో చెప్పాలంటే అది ఒక ప్లాట్‌ఫామ్, మీద ఎవరి అప్లికేషన్ వాళ్ళది.

1942లో హైదరాబాదులో ఆల్విన్ మెటల్ వర్క్స్ మొదలైంది. నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి, ఒక ప్రైవేటు సంస్థ కలిసి పెట్టిన కంపెనీ. ఆల్విన్ అంటే మన తరానికి ఫ్రిజ్‌లు, వాచీలు గుర్తొస్తాయి. కూకట్‌పల్లిలో ఆల్విన్ కాలనీ, మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా అని రోజూ అంటూనే ఉంటాం, ఎందుకా పేరో చాలామందికి తెలీదు. వాళ్ళు బస్సు బాడీలు కూడా కట్టేవాళ్ళు, డబుల్ డెక్కర్లతో సహా. సికింద్రాబాద్ నుంచి జూ పార్కుకి తిరిగిన 7జెడ్ ఎక్కి, పై అంతస్తులో ముందు సీటు కోసం కొట్టుకున్నవాళ్ళు ఇది చదివేవాళ్ళలోనూ ఉండే ఉంటారు.

అన్నట్టు, ఆల్విన్‌కి మా జిల్లాతోనూ చుట్టరికం ఉంది. 1980లలో నిస్సాన్‌తో కలిసి చిన్న ట్రక్కులు చెయ్యడానికి ఇదే హైవే మీద జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. 1989లో అది మహీంద్రా చేతికి వెళ్ళింది. బస్సు బాడీలు కట్టిన కంపెనీ చివరికి ట్రక్కు మొత్తం తనే చేసే దాకా వచ్చి, అక్కడ ఆగిపోయిందన్నమాట.

1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. తరవాతి కాలంలో ఆర్టీసీ మియాపూర్‌లో సొంతంగా బస్ బాడీ యూనిట్ పెట్టుకుంది. ఛాసీ బయట కొనేవాళ్ళు, బాడీ మాత్రం సొంత మనుషులే కట్టేవాళ్ళు. దీని గొప్పతనం ఏంటో నాకు మేస్త్రి చెప్తే గానీ తట్టలేదు. ఆర్టీసీ బస్సు అందంగా ఉండదు. కిటికీలు గడగడలాడతాయి. కానీ ఒక సీటు కాలు విరిగితే అది డిపోకి వస్తుంది, డిపోలో మెకానిక్ తిట్టుకుంటూ వెల్డింగ్ చేస్తాడు. అదే చోట పది బస్సుల్లో విరిగితే కబురు మియాపూర్ దాకా పోయేది. కట్టినవాడు, నడిపేవాడు, రిపేరు చేసేవాడు ఒకే కప్పు కింద జీతం తీసుకునేవాళ్ళు. తప్పు చేసినవాడి దగ్గరికి తప్పు తిరిగి వెళ్ళే దారి ఉండేది. ఛాసీకి, బాడీకి తండ్రులు వేరైనా పిల్ల పెరిగేది ఒక ఇంట్లోనే.

ఇక క్యాంపర్ల సంగతి. తెలుగువాళ్ళ చరిత్రలో అన్నిటికంటే ప్రసిద్ధమైన క్యాంపర్ ఏదంటే మీరు తడుముకోకుండా చెప్పగలరు, కాకపోతే దాన్ని క్యాంపర్ అని ఎప్పుడూ అనుకోలేదు. చైతన్య రథం. 1982 మార్చి 29న పార్టీ పెట్టాక ఎన్టీఆర్ ఒక పాత షెవర్లే వ్యాన్‌ని మార్పించుకుని రాష్ట్రమంతా తిరిగాడు. 1940ల నాటి బండి. అంటే అప్పటికే దాదాపు నలభై ఏళ్ళ ముసలిది. పైకెక్కి మాట్లాడటానికి వీలు, మైకులు, లోపల పడుకోవడానికి చోటు. స్నానం రోడ్డు పక్కన. 1983 జనవరి ఎన్నికల దాకా దాదాపు తొమ్మిది నెలలు. రాజకీయాలు పక్కన పెట్టి ఒక బండిగా మాత్రమే చూడండి. అప్పటి మన రోడ్ల మీద నలభై ఏళ్ళ బండితో అన్ని వేల కిలోమీటర్లు ఎలా సాధ్యం?

నా మటుకు నాకు ఒక కారణం కనిపిస్తుంది. ఆ బండి తోలింది కొడుకు హరికృష్ణ. లోపల పడుకున్నది తండ్రి. బండి కింద ఏదైనా కొత్త చప్పుడు వస్తే, అది ఎవరికో కంప్లైంట్ రాసే విషయం కాదు, ఆ రాత్రే ఆపి చూసుకునే విషయం. నడిపేవాడికీ పడుకునేవాడికీ మధ్య దూరం లేదు.

అమెరికాలో ఇదే కథ రెండు రకాలుగా జరిగింది. వాలీ బయమ్ అనే ఆయన 1931లో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ పెట్టాడు. 1936లో విమానం లాగా అల్యూమినియం రేకుల్ని రివెట్లతో బిగించిన క్లిప్పర్ అనే ట్రైలర్ తెచ్చాడు. ఆయన ఆఫీసులో కూచోలేదు. కొన్నవాళ్ళని వెంటేసుకుని యాత్రలు చేసేవాడు. 1959లో నలభైకి పైగా ట్రైలర్లతో కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆఫ్రికా మొత్తం దాటించాడు. తన బండి ఎక్కడ విరుగుతుందో తన కళ్ళతోనే చూశాడు.

రెండోది 2005 నాటిది. కత్రినా తుఫానుకి ఇళ్ళు పోయిన వాళ్ళ కోసం అమెరికా ప్రభుత్వం హడావుడిగా లక్షకు పైగా ట్రైలర్లు కొంది. అందులో ఉన్నవాళ్ళకి కళ్ళ మంటలు, దగ్గు, తలనొప్పులు. ప్లైవుడ్, పార్టికల్ బోర్డులు అతికించే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తోంది. 2008లో అక్కడి సీడీసీ 519 ట్రైలర్లు పరీక్షిస్తే సగటున వంద కోట్ల భాగాల గాలిలో 77 భాగాలు తేలింది, మామూలు ఇళ్ళలో 10 నుంచి 20 ఉండేచోట. 2010లో అలాంటి చెక్కల మీద చట్టం వచ్చింది, 2012లో తయారీదారులు, కాంట్రాక్టర్లు దాదాపు 4.26 కోట్ల డాలర్లు పరిహారానికి ఒప్పుకున్నారు. కట్టినవాళ్ళలో ఎవరూ అందులో పడుకోవాల్సిన అవసరం లేదు. కొన్న అధికారీ పడుకోడు. పడుకున్నవాడికి వేరే గతి లేదు. వాసన వస్తోందని వాడు చెప్తే వినేవాడు లేడు.

అంచేత అమెరికా అయితే బాగా కడతారు, మనవాళ్ళే ఇంతే అనుకోవడం తప్పు. దేశాన్ని బట్టి కాదు, కట్టినవాడికి తిరిగొచ్చే దారిని బట్టి ఉంటుంది.

మరి చట్టాల్లేవా అంటే ఉన్నాయి. బస్సు బాడీలు ఎలా కట్టాలో చెప్పే ఏఐఎస్-052 ప్రమాణం 2001లో తయారైంది, 2008లో సవరించారు. గట్టిగా అమలు కావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. మోటర్ కారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ఉంది. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి, తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో అలాంటి మార్పులకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా రెండూ అని చేర్చారు.

ఇది చదివాక నా ఆర్సీ తీసి చూసుకున్నాను. పన్నెండు సీట్లు అని ఉంది. బండిలో ఉన్నవి నాలుగు పడకలు. అమ్మినవాడికి తెలీదో, తెలిసి చెప్పలేదో. కొన్న నాకు మాత్రం చదవడం రాదా? లక్షల లైన్ల కోడ్‌ని రివ్యూ చేసేవాణ్ణి, ఒక్క పేజీ ఆర్సీ చదవలేదు.

నాణేనికి రెండో పక్క కూడా చెప్పాలి. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర కల్వర్టుకి గుద్దుకుని తగలబడి 45 మందిని పొట్టనబెట్టుకున్న బస్సు షెడ్డులో కట్టింది కాదు, ఫ్యాక్టరీ నుంచి బాడీతో సహా వచ్చింది. కాబట్టి ఒకే తండ్రి ఉంటే అన్నీ సర్దుకుంటాయనే భ్రమ నాకు లేదు. కానీ 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళే బస్సు మోటార్ సైకిల్‌ని ఢీకొని కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయినప్పుడు, సీటర్‌గా రిజిస్టరైన బస్సుని స్లీపర్‌గా మార్చారని వార్తలు వచ్చాయి. ఆ దారిలో రాత్రి బస్సులెక్కే వాళ్ళలో సగం మంది మనవాళ్ళే, శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ బ్యాగుతో. ఆ వార్త చదువుతుంటే నాకు కళ్ళ ముందు మెదిలింది మా అమ్మ పడక కింద నల్లమచ్చ.

మేస్త్రి బండిని మొత్తం విప్పాడు. కప్పుకి క్యారియర్ బిగించిన స్క్రూలకి కింద సీలెంట్ లేదు, అక్కణ్ణుంచి నీళ్ళు. అల్యూమినియం రేకుకి మామూలు ఇనప స్క్రూలు, తడి తగిలి రెండూ ఒకదాన్నొకటి తినేశాయి. వంద లీటర్ల ట్యాంకు, అంటే నిండితే వంద కిలోలు, ఒక పక్కకే పెట్టారు, అందుకే ఒరుగుడు. అసలైన తప్పు కరెంటుది. ఇంట్లో 230 వోల్టుల దగ్గర వెయ్యి వాట్ల కెటిల్ నాలుగున్నర ఆంపియర్ల లోపే లాగుతుంది. అదే కెటిల్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా అయితే 83 ఆంపియర్ల పైమాటే. దానికి వేసింది సన్న వైరు, బ్యాటరీ దగ్గర ఫ్యూజు కూడా లేదు. మేము రోజూ పొద్దున్నే అమ్మకి వేణ్ణీళ్ళు కాచింది ఆ వైరు మీదే.

"చేసినోనికి అప్పగించే దాంక ఉంటే సాలు సార్. అండ్ల పండేది వాడు కాదు గదా" అన్నాడు. మనం 'మీరు కట్టారు, మీరే నడపండి' అని పెద్ద పెద్ద కాన్ఫరెన్సుల్లో స్లైడ్లు వేసి చెప్పుకునే మాట ఇదే కదా.

మధ్యలో ఒక కుర్రాడు బండి కొంటానని వచ్చాడు. మనలాంటివాడే, చిన్న పాప ఉంది. "ఏమైనా ప్రాబ్లమ్స్ ఉన్నాయా అన్నా?" అని అడిగాడు. అప్పటికి కొత్త పెయింటు వేసి ఉంది, పైకి ఏమీ తెలీదు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆగాను. నాకు అమ్మినవాడు కూడా సరిగ్గా ఇలాగే ఆగి ఉంటాడు. తరవాత ఫోన్‌లో ఫోటోలు చూపించాను, ఆర్సీ కూడా. అతను థ్యాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

ఇప్పుడు పడకలు లేవు. ఆర్సీలో ఉన్నట్టే పన్నెండు సీట్లు వేయించాను. వంటగట్టు, ఇన్వర్టర్ తీసేశాం. ఊరెళ్తే కూచుని వెళ్తాం, రాత్రికి లాడ్జిలో దిగుతాం. "ఈ మాత్రం దానికి బస్సెందుకురా, ఆర్టీసీలో పోయేవాళ్ళం కదా" అని మా అమ్మ దెప్పుతూనే ఉంటుంది. లెక్క వేస్తే ఆవిడ మాటే కరెక్టు. :)

ఎవరైనా క్యాంపర్ కొనాలనో, అద్దెకి తీసుకోవాలనో అనుకుంటే నా తరఫున మూడు మాటలు. ముందు ఆర్సీ చదవండి, అందులో రాసిందీ లోపల ఉన్నదీ ఒకటేనా చూడండి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు చూపించమనండి. వాన వెలిసిన రోజు వెళ్ళి చూడండి, ఎండ రోజు అన్ని బళ్ళూ బానే ఉంటాయి.

పని అయిపోయాక మేస్త్రిని ఇంకొక్కటి అడిగాను. ఏ వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో, ఏ ఫ్యూజు దేనిదో ఒక కాగితం మీద గియ్యమని. ఆయన నవ్వి, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదన్నాడు. ఆయన చెప్తుంటే నేనే గీశాను. కింద తేదీ వేసి, ప్లాస్టిక్ తొడుగు వేయించి బ్యాటరీ పెట్టె తలుపుకి లోపలి వైపు అంటించాం. ఆయన తన ఫోన్ నెంబరు రాయమన్నాడు. "ఎవలన్న ఫోన్ జేస్తే నేనే వస్త" అన్నాడు.